కడపటి పంక్తి

విందునకు వెళ్ళి వచ్చినవారిని ఇంటిలోనివారు అడుగు మొదటి ప్రశ్న మనమందరము ఎరిగినదే. ఏమేమి వండించినారు? పులిహోర ఎట్లుండెను? బూరెలలోనికి నేయి ధారాళముగా పోసినారా? గుమ్మడికాయ పులుసు కుదిరినదా? వచ్చినవారును ఉత్సాహముతోనే చెప్పుదురు. కాని ఆ విందులో కడపటి పంక్తి ఎన్నిగంటలకు లేచినది, ఆ పంక్తిలో ఎవరెవరు కూర్చుండిరి, వారి విస్తళ్ళలోనికి ఏమేమి వచ్చినవి అని అడుగువారు మిక్కిలి అరుదు. మొదటి పంక్తిలో ఏ విందైనను బాగుగనే యుండును. విందు యొక్క మంచిచెడ్డలు కడపటి పంక్తిలో తెలియును. నేటి ప్రసంగములో ఇంటి భోజనమును, బయటి భోజనమును ఈ ఒక్క కొలతతోనే కొలిచి చూతము.

మొదట ఇంటి భోజనమును తీసికొందము. వేసవిలో ఆవకాయ కలుపు దినము తెలుగువారి ఇండ్లలో చిన్న పండుగ వంటిది. మామిడికాయలను టెంకతో సహా ముక్కలుగా కొట్టించి, తడి లేకుండ తుడిచి, ఆవపిండియు కారమును ఉప్పును నూనెయు చేర్చి జాడీలకు ఎత్తిన తరువాత, కలిపిన బేసినుకు అంటుకొని కొంత పిండి మిగులును. దానిలో వేడి అన్నము గుమ్మరించి కలిపి, చుట్టు మూగిన పిల్లల అరచేతులలో తల్లియో మామ్మయో ముద్దలు పెట్టుచుండును. కారమునకు కండ్లనీళ్ళు కారుచున్నను పిల్లలు లేవరు. తమ వంతు మరల వచ్చువరకు చేయి చాచియే కూర్చుందురు. కూరలు లేవు, పిండివంటలు లేవు. అయినను నలుబది సంవత్సరముల తరువాత కూడ ఆ ముద్దలు జ్ఞాపకముండును. ఏల? ఒకే పాత్రలోని అన్నము, ఒకే చేయి, వరుస తప్పని వంతు. పెద్దవాని ముద్ద పెద్దది, చిన్నవాని ముద్ద చిన్నది. వంతు మాత్రము ఎవరికిని తప్పలేదు.

మరి ఆ ముద్దలు పెట్టిన చేయి ఏ వేళకు తినెను? ఏమి తినెను? ఇది మనలో చాలమందికి జ్ఞాపకముండదు. మన ఇండ్లలో కడపటి పంక్తి అనగా ఒక్క విస్తరి. దాని ముందు కూర్చుండునది ఇంటి ఇల్లాలు. అందరును తిని లేచిన తరువాత, చల్లారిన అన్నము, ముక్కలు లేని పులుసు, గరిటెకు అంటిన కూర ఆమె వంతు. అది ఆమె ధర్మమని పెద్దలు కొనియాడిరి. ఆ కొనియాడుటవలన ఆమె అన్నము వేడెక్కినది మాత్రము లేదు.

వంట చేయువారి కష్టమును చూచిన కన్ను మన సాహిత్యములో లేకపోలేదు. 1509 నుండి 1529 వరకు విజయనగరము నేలిన శ్రీకృష్ణదేవరాయలు తన ఆముక్తమాల్యదలో శ్రీవిల్లిపుత్తూరు విష్ణుచిత్తుని ఆతిథ్యమును వర్ణించెను. ఋతువును బట్టి అతిథులకు పెట్టు పదార్థములను వరుసగా చెప్పెను. వానకాలమున పప్పు, వరుగులు, పెరుగు, నేయి. వేసవిలో గోరువెచ్చని అన్నము, తియ్యని చారు, మజ్జిగపులుసు, చెరకురసము. చలికాలమున వేడివేడి అన్నము, మిరియపు పొడులు, ఆవపచ్చళ్ళు. ఇవి యన్నియు రుచికరములే. కాని మాకు వీటికన్న ప్రియమైన విషయము మరియొకటి కలదు. ముసురు పట్టిన దినములలో ఇల్లాలి కండ్లలోనికి పొగ చొరకుండుటకై కొబ్బరి పొరియలను పొయ్యిలో పెట్టి వండింతురని ఆ రాజకవి గమనించి చెప్పెను. సామ్రాజ్యము నేలిన వాని చూపు వంటయింటిలో తడికట్టెల పొగవరకు చేరినది. ఇంతచేసియు విష్ణుచిత్తుడు నడిరేయి వచ్చిన అతిథులతో, కూరలు ఎక్కువ లేవు, అన్నము వేడిగా లేదు, దయయుంచి భుజింపుడు అని వేడుకొనుచుండెనట. ఆతిథ్యమునకు ఇంతకుమించిన లక్షణము చెప్పజాలము.

ఇక బయటి భోజనము. మన పూర్వులు ఇల్లు దాటి తినలేదనుకొనుట సరికాదు. ఓరుగల్లు నగరమును వర్ణించిన క్రీడాభిరామములో పూటకూటి యింటి భోజనము కలదు. ఒక్క రూకకు కప్పురభోగి బియ్యపు అన్నము, గోధుమపిండి వంట, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన ఆవునేయి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్ళు, గడ్డపెరుగు. కాకతీయుల రాజధానిలో పరదేశి రూక చెల్లించి రాజువలె తినగలిగెను. అయితే అచట వండినవారెవరు, వారు ఎప్పుడు తినిరి అను ప్రశ్నకు రూకలో సమాధానము లేదు. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము 1897 లో ప్రచురితమైనది. అందలి పూటకూళ్ళమ్మ విజయనగరములో ఎందరికో అన్నము పెట్టెను. తెలుగువారందరును ఆమెను ఎరుగుదురు, కాని ఆమె పేరు ఎవరికిని తెలియదు. ఆమె వృత్తియే ఆమెకు పేరైనది.

రూక లేని బాటసారికి ఎవరు పెట్టవలెను? ఈ ప్రశ్నకు గోదావరి లంకలలో ఒక స్త్రీ తన జీవితముతో సమాధానము చెప్పెను. డొక్కా సీతమ్మగారు 1841 లో జన్మించి 1909 లో పరమపదించిరి. లంకల గన్నవరములో ఆమె ఇల్లు గోదావరి పాయలు దాటి వచ్చుచు పోవుచునుండు బాటసారులకు అన్నపు కొట్టు లేని అన్నశాల. పడవ ఏ వేళకు ఒడ్డు చేరినను ఆ ఇంట పొయ్యి వెలుగుచుండెనని, వచ్చినవాని కులమును గాని స్థితిని గాని ఆమె విచారింపలేదని ఆ సీమలో నేటికిని చెప్పుకొందురు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2024 లో బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకమునకు ఆమె పేరు పెట్టినది. పేరు పెట్టుట తేలిక. పడవ దిగు కడపటి మనుష్యుని కొరకు ఇంత అన్నము ఎత్తిపెట్టుట కష్టము. ఆమె గొప్పతనము ఆ ఎత్తిపెట్టుటలో కలదు.

సీతమ్మగారి వంటివారు ఎందరున్నను, పంక్తి అను మాటలో మన సమాజపు గాయము ఒకటి దాగియున్నది. ఎవరు ఎవరి ప్రక్కన కూర్చుండవచ్చును, ఎవరికి పెరటిలో వడ్డింపవలెను, ఎవరికి విస్తరియే వేయరాదు అను లెక్కలు తరతరములు సాగినవి. ఈ లెక్కలను చెరపుటకు 1940 ప్రాంతములలో గోరాగారు కృష్ణాజిల్లాలో సహపంక్తి భోజనములు నడిపిరి. 1950 జనవరి 26 న అమలులోనికి వచ్చిన రాజ్యాంగము 15 వ అధికరణములో హోటళ్ళ ప్రవేశము విషయమున కులమతముల భేదము పనికిరాదని శాసించినది. 17 వ అధికరణము అంటరానితనమును రద్దు చేసినది. దానికి శిక్షలు విధించు చట్టము 1955 లో వచ్చినది. చట్టము వచ్చిన తరువాత కూడ పల్లెల టీ దుకాణములలో రెండు గ్లాసుల పద్ధతి దశాబ్దములపాటు నిలిచియుండెను. తలుపు తెరచుటకు చట్టము చాలును. ప్రక్కన చోటు చూపుటకు మనుష్యుడు కావలెను.

పంక్తిలో కూర్చుండిన మనము విస్తరిలోని పదార్థములను చూతుము గాని విస్తరిని చూడము. అరటియాకు పెరటినుండి వచ్చును. కుట్టిన విస్తరి ఎచటినుండి వచ్చును? ఉత్తరాంధ్రలో పెండ్లిళ్ళకును సంతర్పణలకును వాడు విస్తళ్ళలో పెక్కు అడ్డాకులతో కుట్టినవి. అడ్డతీగ మహావృక్షములను చుట్టుకొని శిఖరముల వరకు ప్రాకు అడవితీగ. దాని ఆకు వెడల్పై, కొన రెండుగా చీలియుండును. గిరిజన స్త్రీలు ఆ ఆకులు కోసి, కట్టలు కట్టి, ఆరబెట్టి, సన్నని పుల్లలతో కుట్టి సంతకు మోసికొని వత్తురు. 1956 లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కొను అటవీ ఫలసాయములలో చింతపండు, తేనెలతోపాటు అడ్డాకు కూడ ఒకటి. నర్సీపట్నము మీదుగా కృష్ణదేవిపేట దాటి కొయ్యూరు చేరినవారు ఈ తీగను కన్నులార చూడవచ్చును. కొయ్యూరు చిరకాలము విశాఖపట్టణము జిల్లాలో నుండి, 2022 ఏప్రిల్ నుండి అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరినది.

ఆ జిల్లా పేరే కొయ్యూరు చరిత్రను చెప్పుచున్నది. 1924 మే 7 న అల్లూరి సీతారామరాజును మంప చెంత పట్టుకొని, కొయ్యూరునకు తెచ్చి, విచారణ లేకయే కాల్చి చంపిరి. ఆయన సమాధి కృష్ణదేవిపేటలో కలదు. ఆ పోరాటమును మనము తుపాకులతో జ్ఞాపకముంచుకొందుము. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాల ముట్టడిని చెప్పుకొందుము. కాని దాని మూలమున ఉన్నది అన్నము. 1882 నాటి మద్రాసు అటవీ చట్టము వచ్చిన పిదప కొండలపై పోడు కొట్టుకొను హక్కు కుదించుకొనిపోయినది. పోడు లేనిచో సామలు లేవు, చోళ్ళు లేవు, కందులు లేవు. అడవిలో పుట్టినవాడు అడవిలో ఆకలిగొనవలసి వచ్చెను. దీనికి తోడు కొండదారుల పనులకు బలవంతముగా పట్టుకొనిపోయి సరియైన కూలి చెల్లింపకపోయిరి. తిరుగుబాటు నడచిన రెండు సంవత్సరములు ఆ వీరులు బ్రదికినది పల్లెలవారు పెట్టిన అన్నముతో. వారికి తిండి అందకుండ చేయుట ప్రభుత్వ బలగములు అనుసరించిన పద్ధతులలో ఒకటి. అనగా ఆ దినములలో ఒక ముద్ద అన్నము పంచుట ప్రాణముతో చెలగాటమై యుండెను. అయినను పంచిరి.

అట్లు పంచుట వారికి ఒక్క దినమున అబ్బిన గుణము కాదు. కొండలలో కొత్త పండుగలు కలవు. మామిడి కొత్త, చిక్కుడు కొత్త, కొర్ర కొత్త అని ఆయా పంటలను బట్టి పేర్లు. చెట్టున కాయ పండినను, చేనిలో కంకి వాలినను, దేవతకు నివేదించి ఊరందరు కూడి తినువరకు ఎవరును ఒంటరిగా నోట పెట్టరాదు. చేను నాదే, చెట్టు నాదే, నా యిష్టము వచ్చినప్పుడు తిందును అను మాట ఆ నియమము ముందు చెల్లదు. క్రొత్త పంటలో మొదటి ముద్ద ఊరిది.

కొన్ని సంవత్సరముల క్రిందట పాటల ధ్వనిముద్రణకై మేము ఆ ప్రాంతమునకు పోయియుంటిమి. మా బృందము నలుగురు; మోటారు నడుపువాడు కూడ అందులో చేరినవాడే. కొయ్యూరునకు ఎగువనున్న ఒక పల్లెలో ముగ్గురు స్త్రీలు మధ్యాహ్నమువరకు పాడిరి. ఆ ఇంటి పెద్దాయనయు ఆయన భార్యయు మమ్ములను తినకుండ కదలనీయలేదు. ఉన్నది ఒక్క కోడి. దానిని ముక్కలు చేసి, ఉప్పు, కారము, పసుపు పట్టించి, పచ్చి వెదురు బొంగులో కూరి, మూతికి ఆకులు దోపి, నిప్పులపై త్రిప్పుచు కాల్చిరి. చుక్క నూనె లేదు. వెదురులోని చెమ్మతోనే మాంసము ఉడికెను. సామల అన్నము, చిక్కుడు గింజల కూర, చింతపండు కారము, త్రాగుటకు చోడి అంబలి. వాకిటిలో అడ్డాకులు వరుసగా పరచిరి.

ఇంటివారు నిలువబడి వడ్డించి తరువాత తిందురేమోయని మా కనిపించెను. "మీరు కూడా మాతో కూర్చోండి, అవ్వా" అంటిమి. ఆమె నవ్వి, "కూకోకపోతే ఇన్ని ఆకులెందుకేత్తాను, బాబూ?" అనెను. అప్పుడు ఆకులు లెక్కించితిమి. మేము నలుగురము, పాడినవారు ముగ్గురు, పెద్దాయన, అవ్వ, మనుమలు ఇద్దరు, వెరసి పదునొకండుగురము. ఆకులు పండ్రెండు. పండ్రెండవది ఎవరిదని అడిగితిమి. "అది కోడలిది. అడ్డాకులు అమ్మడానికి సంతకెళ్ళింది. దాని ముక్కలు ముందే తీసి పెట్టినాను" అనెను.

ఒక్క కోడి పండ్రెండుగురకు ఎంత వచ్చును? ఒక్కొక్కరికి రెండు మూడు ముక్కలు. అయినను అంతటి భోజనము మేము పట్టణముల పెద్ద హోటళ్ళలోనుగాని పెండ్లివారిండ్లలోగాని ఎరుగము. అచట మొదటి పంక్తి, కడపటి పంక్తి అను మాటయే లేకపోయెను. ఉన్నది ఒక్కటే పంక్తి. అచట లేని మనిషికి కూడ అందులో చోటుండెను. మిగిలినది పెట్టుట వేరు, ముందు తీసి పెట్టుట వేరు. ఈ రెంటి నడుమనున్న దూరమే దయకును గౌరవమునకును నడుమనున్న దూరము. ఆ కోడలు మాకు కనబడనే లేదు. కాని మరునాడు మైదానములో ఏ పెండ్లిపందిరి క్రిందనో ఎవరో ఒక పెద్దమనిషి ఆమె కుట్టిన విస్తరి ముందు కూర్చుండి పప్పులో నేయి తక్కువైనదని విసుగుకొనియుండును.

ఆ సాయంకాలము దిగువనున్న ఒక పట్టణములో భోజన హోటలునకు వెళ్ళితిమి. వేళ మించియుండుటచే జనము పలుచగా నుండెను. వడ్డించు కుఱ్ఱవాడు "సాంబారు వేయమంటారా, పెరుగు తెమ్మంటారా" అని మా బల్ల చుట్టు తిరుగుచునే యుండెను. నీవెప్పుడు తిందువని అడుగగా, బల్లలన్నియు ఖాళీయైన తరువాతనని చెప్పెను. ఉదయము పదకొండు గంటలనుండి అన్నమును చేతులలో మోయుచున్నవాడు సాయంకాలము వరకు అన్నము ముట్టలేదు. ఇది ఒక్క హోటలు విషయము కాదు. ఊరూర జరుగునదే. బయటి భోజనమునకు మనము వెల చెల్లింతుము. వెలతో మన బాధ్యత తీరినదని భావింతుము. కాని వడ్డించువాడు తిన్నాడా యని అడుగుటకు వెల యేమియు లేదు. యజమానులు తమవారికి వేళకు అన్నము పెట్టు హోటళ్ళు కూడ కలవు. అట్టిచోట వడ్డన తీరే వేరుగా నుండును.

ఇంటి భోజనమునకును ఇదే కొలత. వారమునకు ఒక్క పూటయైనను వండిన పాత్రలన్నియు నడుమ పెట్టుకొని, ఇల్లాలితో సహా అందరును ఒక్కసారి కూర్చుండి, ఎవరికి కావలసినది వారు వడ్డించుకొని తినుట గొప్ప సంస్కరణమేమియు కాదు. వేడి అప్పడము వేయించువారు కావలయునన్నచో, ఆ పూటకు అప్పడములు ముందే వేయించుకొనవచ్చును. లేక ఇంటి మగవారే లేచి వేయింపవచ్చును. ఇంట పనిచేయు మనిషికి పెట్టదలచిన పదార్థమును, అందరును తిని లేచిన తరువాత గిన్నె అడుగునుండి గీకక, మొదటనే ఒక పాత్రలోనికి తీసిన చాలును. పదార్థము అదే, పరిమాణము అదే. తీసిన వేళ మారినచో పుచ్చుకొనువారి ముఖము మారును.

2003 జనవరినుండి మన రాష్ట్రపు ప్రభుత్వ పాఠశాలలలో మధ్యాహ్నము వండి వడ్డించు పద్ధతి వచ్చినది. పప్పు పలుచనైనదని, గ్రుడ్డు చిన్నదని విమర్శలు రాకపోలేదు, అవి వినవలసినవే. అయినను ఒక తరము పిల్లలు ప్రక్కప్రక్కన కూర్చుండి తినుచు పెరిగిరి. తమ తాతలు కలసి కూర్చుండని పంక్తిలో వారు కూర్చుండి పప్పన్నము కలుపుకొనిరి. ఇంటికి పోయి వారు ఆ విషయమును వింతగా కూడ చెప్పియుండరు. అది వారికి వింతగా తోచకుండుటయే మనము కోరదగిన ఫలితము.

రుచి నాలుకపై నిలుచునది కొద్దిసేపు. ఎవరితో తింటిమి, ఎవరు పెట్టిరి, ఎవరికొరకు ఇంత ఎత్తిపెట్టిరి అనునవి మనస్సున చిరకాలము నిలుచును. ఈ ప్రసంగము ముగియువేళకు పెక్కు గృహములలో రాత్రి భోజనమునకు పీటలు వేయుచుందురు. పీటలు లెక్కించునపుడు వండినవారిని మరువకుడు. ఇంకను ఇల్లు చేరనివారు ఎవరైన నున్నచో వారి వంతు ముందే తీసి మూతపెట్టి, పిమ్మట వడ్డన మొదలుపెట్టుడు.